కరెంటు వచ్చిన సంగతి

సుస్మిత ఆత్మకూరు బస్టాండు వెనక మేడ మీద గదిలో కూర్చుని బెంగళూరు వాళ్ళ ఇళ్ళలో లైట్లు వెలిగిస్తుంది, ఆర్పుతుంది. నవ్వకండి, ఆమె ఉద్యోగం అదే. గోడకు పలకంత తెర ఒకటి బిగిస్తారు. దాని మీద వేలు పెడితే ఫ్యాను తిరుగుతుంది, బల్బు వెలుగుతుంది, మోటారు నీళ్ళు తోడుతుంది. ఆ తెర మీద ఏ బొమ్మ ఎక్కడుండాలి, ఏది నొక్కితే ఏం జరగాలి అన్న సాఫ్ట్‌వేరంతా ఈ పిల్లే రాస్తుంది. వయసు ఇరవై ఏడు. ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో గొర్రెలు మేపుకునే నారాయణయ్య చిన్న కూతురు.

కంపెనీ వాళ్ళకు తమ తెరల్ని ఊళ్ళలో కూడా అమ్మాలని బుద్ధి పుట్టింది. ఏదైనా పల్లెటూరి ఇంట్లో రెండు నెలలు పెట్టి చూడు, బాగా పనిచేస్తే పల్లెల కోసం చేసే తెర మొత్తం నీ చేతికే ఇస్తామన్నారు. సుస్మిత ఇంకొకరి ఇల్లు ఎందుకు వెతుకుతుంది? నేరుగా నాయన ఇంట్లోనే బిగించింది. రెండు గదుల ఇంటికి ఇంత సోకా అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. నారాయణయ్యకు చెవుడు కాబట్టి ఆ మాటలేవీ వినబడలేదు. వచ్చినవాళ్ళందరినీ తెర ముందుకు లాక్కొచ్చి, "మా అమ్మణ్ణి చేసింది," అనేవాడు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో సుస్మితకు భలే గర్వంగా ఉండే ముక్క ఒకటుంది. కరెంటు పోయి మళ్ళీ వస్తే, ఆ తెరతో సహా ఇంట్లో ఏదీ దానంతట అది వెలగదు, తిరగదు. మనం నొక్కాల్సిందే. అన్నీ ఒక్కసారిగా ఆన్ అయితే సామాన్లు పాడవుతాయి, ఎవరూ లేని ఇంట్లో లైట్లు దండగ. బెంగళూరులో అందరూ శభాష్ అన్నారు. అనరూ మరి? అక్కడ కరెంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చునేవాడు ఎవడు?

మన ఇళ్ళ సంగతి వేరు. కరెంటు పోతే స్విచ్చి కట్టేస్తామా? వేసే ఉంచుతాం. బల్బు వెలిగిందంటే కరెంటు వచ్చినట్టు లెక్క. చెవులు వినబడని నారాయణయ్యకు అదొక్కటే ఆనవాలు. సుస్మిత పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే ఇది. చూసీ చూసీ కంటికి ఆనకుండా పోయిందేమో, తెర రాసేటప్పుడు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మొదటి నెలన్నర ఏ ఇబ్బందీ తెలియలేదు. వాళ్ళమ్మ వెంకమ్మ ఇంట్లోనే ఉంది. పక్కింట్లో టీవీ మోగగానే ఆమె లేచి తెర నొక్కేది. మే నెలలో ఆమె పెద్ద కూతురి కానుపుకని కలువాయి వెళ్ళింది.

ఒక గురువారం పొద్దున్నే కరెంటు పోయింది. పదింటికే ఎండ మాడ్చేస్తుంటే నారాయణయ్య గొర్రెల్ని దొడ్డికి తోలుకొచ్చాడు. తొట్టిలో చుక్క నీళ్ళు లేవు, చుట్టుపక్కల కుంటలన్నీ ఎండిపోయాయి, మోటారు వెయ్యాలి. కరెంటు కోసం వసారాలో కూర్చుని బల్బు వైపు చూస్తున్నాడు. పదకొండింటికి కరెంటు వచ్చింది. బల్బు వెలగలేదు. పన్నెండయింది, రెండయింది, ఆయన అలాగే చూస్తున్నాడు.

నాలుగింటికి సుస్మితకు ఫోనొచ్చింది. పక్కింటి పోలేరమ్మ.

"మేయ్ సుస్మితా, మీ గొర్రె చచ్చిపోయినాది. రేపో మాపో ఈనేది. వచ్చి చూసుకో, నీ తెర చేసిన నిర్వాకం!"

సుస్మిత బస్సులో ఉదయగిరి, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరేసరికి పొద్దు వాలింది. తొట్టి నిండా నీళ్ళున్నాయి. మిగిలిన మంద బతికింది. చచ్చిన గొర్రె మీద గోనెపట్టా కప్పి ఉంది.

"నాదే పొరపాటమ్మణ్ణి. కూచున్నోణ్ణి కూచున్నట్టే కునుకు తీసినాను," అన్నాడు నారాయణయ్య.

సుస్మితకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తప్పు తెరది కాదు, నిద్రది! చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది గానీ, ఆమెకు ముందు కలిగింది ఆ ఊరటే.

పోలేరమ్మ ఊరుకుంటుందా?

"కునుకా? ఈ మనిషి కన్ను మూస్తే ఒట్టు! ఒంటిగంటకే వచ్చి చెప్పినాను, కరెంటొచ్చింది నారాయణన్నా, మా ఇంట్లో ఫ్యాను తిరగతా ఉండాదని. సైగ చేసి చెప్పినాను. ఆ బల్బు చూపించి, మీ లైనుకు వచ్చిండాది, మాకు రాలేదన్నాడు. నేనూ నిజమే గావాల అనుకొని పోయినాను. గొర్రె పడిపోయినాక వొళ్ళు మండి, ఆ తెర మీద ఒక్కటిచ్చినాను. గిర్రున తిరిగినాది ఫ్యాను!"

సుస్మిత నాయన పక్కన చతికిలబడింది. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అడిగింది.

"అత్త చెప్పినా ఎందుకు నమ్మలేదు నాయనా?"

ఆయన ఇక తప్పించుకోలేక అన్నాడు.

"అది నువ్వు చేసింది గదమ్మణ్ణి. అబద్ధం ఎందుకు చెప్తాదిలే అనుకున్నా."

సుస్మిత వెక్కి వెక్కి ఏడ్చింది. ఎన్నో ఇళ్ళవాళ్ళను ఎన్నో ప్రశ్నలు అడిగి రాసిన తెర అది. కరెంటు పోతే ఏం చేస్తావని ఈ మనిషిని మాత్రం అడగలేదు. కళ్ళు తుడుచుకుని స్క్రూడ్రైవరు తెచ్చి తెర ఊడదీయబోయింది. నారాయణయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"పీకేది ఎందుకు? సరిజెయ్యి."

"అయితే అది ఏం చూపించినా ఇంక నమ్మొద్దు నాయనా. అత్త చెప్తే లేచి చూడు."

"అట్టాగేలే. సరైపోయినాదని నువ్వు చెప్పినాక మళ్ళా నమ్మతా."

ఆ రాత్రే బెంగళూరుకు రాసింది: ఈ తెర మా ఇంట్లో పనికి రాలేదు, మూగజీవి ప్రాణం పోయింది, కారణం ఇదీ అని. పల్లెల పని చెయ్యిజారిపోతుందని భయం వేసింది. అయినా ఏదీ దాచలేదు. సాఫ్ట్‌వేర్‌లో మార్చాల్సింది రెండంటే రెండు వరుసలు, పది నిమిషాల పని. మార్చింది. తర్వాత ఊళ్ళోనే ఉండిపోయి రోజుకు ఇరవైసార్లు ఫ్యూజు పీకింది, పెట్టింది, చూసింది.

సరైపోయిందని నాయనతో చెప్పడానికి మాత్రం ఆమెకు పదకొండు రోజులు పట్టింది.