ఆమెతో నేను పెట్టించిన సంతకం

నేను హెచ్‌ఆర్ పనిలోకి దానికి తగిన చదువుతో రాలేదు. ఖమ్మం ఊరి చివర బట్టలు కుట్టే ఒక కంపెనీలో టైపింగ్ కోసం చేరాను. రెండేళ్లకు మేనేజర్ పిలిచి, "నువ్వు అందరితోని మంచిగ మాట్లాడుతవమ్మా, హెచ్‌ఆర్ నువ్వే చూస్కో" అన్నాడు. మర్నాటి నుంచి హాజరు పుస్తకాలు, సెలవు చీటీలు, కొత్తగా చేరేవాళ్ల ఫైళ్లు నా టేబుల్ మీదికి వచ్చాయి.

కుట్టేవాళ్లలో చాలామంది ఆడపిల్లలు. భద్రాచలం అవతలి అడవి ఊళ్ల నుంచి వచ్చి కంపెనీ హాస్టల్లో ఉండేవాళ్లు. వాళ్లలో ఒక కోయ అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. తెలుగు కూడబలుక్కుని మాట్లాడేది. చదవడం మాత్రం రాదు. కాలర్లు కుట్టడంలో ఆ లైన్లో ఆమెను మించినవాళ్లు లేరు. ఒకరోజు అన్నాల బెల్లు కొట్టాక నా గది తలుపు దగ్గర నిలబడింది.

"మేడమ్, సూపర్‌వైజర్ సారు మిషన్ చూస్తానని వచ్చి మీద చెయ్యేస్తుండు. వద్దంటే ఇనడు."

నాకు నిజంగానే జాలేసింది. వెంటనే సూపర్‌వైజర్‌ను పిలిపించి, ఆమెను అక్కడే కూర్చోమన్నాను. ఇద్దరినీ ఎదురెదురుగా పెట్టి అడిగితే నిజం తేలుతుందనుకున్నాను. మా ఇంట్లో తోడికోడళ్ల తగవులు అట్లాగే తీరేవి.

అతను నవ్వుతూ వచ్చాడు. "ఏంది మేడమ్ గిట్లంటది? నాకు చెల్లె లెక్క. పని నేర్పుతుంటే చెయ్యి తగలదా?"

"చెప్పు, నిజమేనా?" అని ఆమెను అడిగాను. ఆమె తల ఎత్తలేదు. ఆ మౌనాన్ని నేను అతని మాటకు ఒప్పుకోలు అనుకున్నాను. రాజీ కాగితం ఒకటి టైపు చేశాను. సిగ్గుపడుతుందేమోనని విషయమేంటో రాయలేదు. తెలియక పొరపాటు జరిగిందని, ఇకమీదట జరగదని మాత్రం రాసి ఆమెను సంతకం పెట్టమన్నాను.

"ఏం రాసిండ్రు మేడమ్?" అంది.

"ఏం లేదమ్మా, గొడవ అయిపోయిందని రాసిన. నీ లైన్ మార్పిస్త."

పేరు మెల్లగా, అక్షరం పక్కన అక్షరం పేర్చినట్టు రాసింది. ఒక కాపీ ఆమె చేతికే ఇచ్చాను. సాయంత్రానికి ఫ్లోరంతా తెలిసిపోయింది. మూడో రోజు ఆమె గుర్తింపు కార్డును హాస్టల్ పిల్లలు తెచ్చి ఇచ్చారు. ఊరెళ్లిపోయిందన్నారు. నేను ఆ ఖాళీలో ఇంకొకరిని వేశాను. ఆ వారం మా ఆయనతో, పెద్ద గొడవ కాకుండా సర్దానని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మూడేళ్ల తర్వాత హెచ్‌ఆర్ సర్టిఫికేషన్ కోర్సులో చేరాను. అది ఉంటే జీతం పెరుగుతుందన్నారు, అందుకే చేరాను. ఆదివారాలు ఆన్‌లైన్ క్లాసులు. ఖానాపురం హవేలిలోని మా కిరాయి ఇంట్లో, వంట ముగించుకుని ఫోన్ ముందు కూర్చునేదాన్ని. పాఠం చెప్పే పెద్దావిడ ఎన్నో ఏళ్లు ఇదే పని చేసి రిటైరైన మనిషి. ఒక ఆదివారం, పనిచోట ఆడవాళ్లను వేధిస్తే ఏం చేయాలో చెప్పింది. పదిమంది పనిచేసే చోట కమిటీ ఉండాలట. అందులో బయటి మనిషి ఒకరు ఉండాలట. ఫిర్యాదు గుట్టుగా ఉంచాలట. ఫిర్యాదు చేసినామె తనంతట తాను అడిగితే తప్ప రాజీ మాటే ఎత్తకూడదట.

"ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి పంచాయితీ చేసినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

నేను కెమెరా ఆపేశాను. ఆమె చెబుతూనే ఉంది. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. మూడేళ్లు దాటాయని వేళ్ల మీద లెక్క పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. నేను స్టవ్ దగ్గరికి వెళ్లి, చేయడానికేమీ లేక, కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగాను.

మధిర మీదుగా రైల్లో విజయవాడ వెళ్లి పరీక్ష రాశాను. ఆ ఆదివారం పాఠంలోని ప్రశ్నే వచ్చింది. ఒక్క తప్పు లేకుండా రాశాను. పాసయ్యాను. ఆఫీసులో స్వీట్లు పంచమంటే పంచాను.

తర్వాత పాత ఫైల్లో ఆ కోయ అమ్మాయి చిరునామా చూసుకుని బయల్దేరాను. భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, చివర కొంత నడక. వాకిట్లో వాళ్లమ్మ ఇప్పపూలు ఎండబోస్తోంది. కంపెనీ నుంచి వచ్చానని చెప్పగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"మా పిల్ల ఏం ఎత్తుకొచ్చింది మేడమ్? ఇన్నేండ్లకు వచ్చిండ్రు?"

నాకు అర్థం కాలేదు. ఇంతలో మిరప తోట నుంచి ఆ అమ్మాయి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. అడిగితే, నిలబడే చెప్పింది. ఆ కాగితాన్ని సంతలో ఎవరితోనో చదివించారట. పొరపాటు చేసింది, ఇక చేయదట అని వాళ్లు చదివి వినిపించారు. దొంగతనం చేస్తే పంపేశారని ఊరంతా అనుకుంది. అసలు సంగతి నోరు విప్పి చెప్పడం కంటే ఆ మాట పడటమే ఆమెకు నయమనిపించింది. కంపెనీలో ఉన్నప్పుడు చెల్లెలిని కూడా అక్కడికి తేవాలనుకున్నదట. వాళ్లమ్మ పంపలేదు.

"తప్పు నాది. నీది కాదు" అన్నాను. "మీ అమ్మకు చెప్పనా? నువ్వు వద్దంటే చెప్పను."

ఇప్పపూల వంక చూసింది. "దొంగతనం చెయ్యలేదని చెప్పుండ్రి. గంతే చెప్పుండ్రి."

అంతే చెప్పాను. వాళ్లమ్మ నన్ను కాదు, కూతురిని చూసింది. కోయలో ఏదో అడిగింది. ఆమె ఒక్క మాటలో జవాబిచ్చింది. పెద్దామె అక్కడే నేల మీద కూలబడి, కూతురి పాదం పట్టుకుని ఏడ్చింది.

మా దగ్గర ఇప్పుడు కమిటీ ఉందని, మళ్లీ పనికి రావచ్చని చెప్పాను. ఆ సూపర్‌వైజర్ ఎప్పుడో ఇంకో ఊరి కంపెనీకి వెళ్లిపోయాడని కూడా చెప్పాను. అక్కడా ఆడపిల్లలే కదా అన్నట్టు చూసింది.

"గా చదువేదో ముందే చదివుంటే బాగుండె మేడమ్" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఓర్చుకునేదాన్ని.

ఆటో దిగిన చోటు దాకా నాతో నడిచి వచ్చింది. ఆటో వచ్చాక, "మళ్ల రాకుండ్రి" అని చెప్పి తోట వైపు తిరిగి వెళ్లిపోయింది.

మళ్లీ వెళ్లలేదు.