అంజవ్వ అరుగు

హుసేన్ బీ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. అందులో ఒక్కరోజైనా సొంత ఇంట్లో కూర్చుని చుట్టలేదు. పొద్దున వంట కాగానే చాట చంకన పెట్టుకుని, గల్లీ దాటి అంజవ్వ అరుగెక్కేది. అంజవ్వ తునికాకు కత్తిరించాలి, ఈమె చుట్టాలి. కత్తెర పట్టడంలో ఆమెకు తిరుగులేదు, చుట్టడంలో ఈమెకు. ఇద్దరి పనీ కలిపి చేసుకుంటే మధ్యాహ్నానికే సగం తేలిపోయేది. మిగతాదంతా ముచ్చట్లే.

ఆ రోజులే వేరు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలంలో సీజన్ వచ్చిందంటే బోధన్ అంతా పాకం వాసన. చెరకు బండ్లు ఎడపల్లి తొవ్వ పొడుగునా బారులు తీరేవి. హుసేన్ బీ భర్త ఇషాక్ ఆ ఫ్యాక్టరీలోనే బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. అంజవ్వ కొడుకు మధుకర్ ఈ అరుగు మీదే పాకాడు, పడి పళ్లు రాలగొట్టుకున్నాడు, రంజాన్ రంజాన్‌కు హుసేన్ బీ చేతి షీర్ ఖుర్మా తిని పెద్దవాడయ్యాడు. ఓట్లు అప్పుడూ వచ్చేవి. ఈమె ఒక గుర్తంటే ఆమె ఇంకో గుర్తనేది. పొద్దంతా పోట్లాడుకుని, సాయంత్రం ఒకే కప్పు చాయ్ చెరిసగం తాగేవారు. తలుచుకుంటే హుసేన్ బీకి ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

మొన్నటి మున్సిపల్ ఎన్నికల్లో మధుకర్ తమ వార్డుకు నిలబడ్డాడు. ఎదురు నిలబడింది పక్క గల్లీలో సైకిల్ దుకాణం నడిపే అసద్. పదిహేను రోజులు తిరగకుండానే అందరి నోళ్లలో మనోళ్లు, వాళ్లు అనే మాటలు నానడం మొదలైంది. లెక్క తేలేసరికి మధుకర్ ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయాడు.

ఒక్క ఓటు! వందతో పోయినా బాగుండేది, ఎవరి మీదా అనుమానం ఉండేది కాదు. ఆ సాయంత్రమే మధుకర్ అరుగు ముందు నిలబడి అడిగాడు.

"ఖాలా, నువ్వెవలికేసినవ్? నిజం జెప్పు."

"ఓటు సంగతి అడుగద్దు బిడ్డా."

దొంగ దొరికినట్టే చూశాడు వాడు. అంజవ్వ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. మర్నాడూ ఆ తలుపు తెరుచుకోలేదు.

నెల గడిచింది. హుసేన్ బీ తన ఇంట్లోనే ఆకు కత్తిరించుకుంటోంది, ఒక్కటీ సరిగ్గా రావడం లేదు.

"గీ ఓట్లతోనే ఊర్లు ఖరాబైతున్నయ్. నిజాం జమానాల గీ పంచాదులుండెనా?" అన్నాడు ఇషాక్.

"నిజాం జమానాల నిన్నెవలడిగిండ్రు, నన్నెవలడిగిండ్రు?" అని కసిరింది. కసిరిందే గానీ, ముప్పై ఏళ్ల స్నేహాన్ని మింగేసిన ఆ ఓటు మీద ఆమెకూ ఒళ్లు మండుతూనే ఉంది.

ఆ వారంలోనే ఒక పొద్దున అంజవ్వ వచ్చి గడపలో కూలబడింది.

"నీ మీద కోపంతోని కాదే రానిది. శరమైంది. గెలిచినంక మా అరుగు మీద వాళ్లను, అంటే నిన్ను, కూసోనియ్యద్దని మధుకర్ దోస్తులన్నరు. వాడు సరే అన్నడు. నా చెవులార విన్న. పోయి అసద్‌కు ఓటు గుద్దొచ్చిన. కన్నకొడుకును నేనే ఓడగొట్టిన."

హుసేన్ బీ చేతిలోని కత్తెర కింద పెట్టింది.

"నేను మధుకర్‌కే ఏసినక్కా. నా చేతుల పెరిగిన పొల్లగాడాయె."

"మరి వాడడిగినప్పుడు ఆ మాట జెప్పకపోతివే! నెల రోజుల సంది గల్లీ అంత నిన్నే దొంగను జేసె!"

"ఆ ఓటు నాది కాదంటే ఊకుంటడా? ఇంకో ఇంటి మీదికి పోతడు. ఎవలింటికి పోతడో, ఏం లొల్లి జేస్తడో అని..."

అంజవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకుని బావురుమంది.

"ఆ ఇల్లు మాదేనే, హుసేన్ బీ."