నెత్తళ్ల కింద ఫ్లెక్సీ

“…సచ్చిపోయిన మావ మొకం మీద సేపలెండేసుకున్నదానివి, నువ్వు నాకు నీతులు సెప్తన్నావేటే?”

“మొకం మీద ఎయ్యలేదు బావా, గుడ్డ మీద ఏసాను. మొకం నువ్వు అచ్చేయించావు.”

రామకోవెల ముందు బండికి స్టాండు వేస్తుండగానే ఈ మాటలు దేవేంద్ర చెవిన పడ్డాయి. అరిచినవాడు గంగులు, ఇసకపాలెంలో ఇంజను బోట్లున్న ఆసామి. బదులు చెప్పింది అతని తమ్ముడి పెళ్లాం మరిడమ్మ. తమ్ముడు గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద పనికి పోయి ఉన్నాడు. ఇద్దరికీ నడుమ, కోవెల అరుగు మీద ఒక ఫ్లెక్సీ పరచి ఉంది. ఎండకు వెలిసి, ఉప్పు పట్టి, అక్కడక్కడా పొలుసులంటుకున్న ఆ ఫ్లెక్సీ మీద గంగులు తండ్రి ఎర్రయ్య తలపాగాతో నవ్వుతున్నాడు. పైన ‘కన్నీటి శ్రద్ధాంజలి’ అని ఉంది. కింద మూలన, తండ్రికంటే పెద్ద బొమ్మలో గంగులు చేతులు జోడించి నిలబడ్డాడు.

ఆ ఫ్లెక్సీని ఊరు దాటించి లోకమంతటికీ చూపించినవాడు దేవేంద్ర. అందుకే పెద్దలు కబురుపెట్టారు. వచ్చినవాణ్ణి ఎవరూ కూర్చోమనలేదు.

కూర్చోమనకపోవడం అతనికి కొత్త కాదు. కరెంటు మీటర్లు చూసి బిల్లులు కొట్టే పని అతనిది, కాంట్రాక్టు ఉద్యోగం. రామతీర్థం దగ్గర మెట్టసేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, డిగ్రీ పూర్తిచేసి, నెలనెలా ఊరూరా తిరిగే కొలువులో చేరాడు. మంచినీళ్లిచ్చిన ఇల్లాలు కూడా బిల్లు చేతికి రాగానే మొహం తిప్పుకుంటుంది. మనుషులు పలకరించని ఆ తిరుగుడులో అతన్ని పలకరించినవి బోర్డులే. పాతపట్నంలో ఒక కిళ్లీబడ్డీ రేకు మీద తెలుగులో ‘అప్పు లేదు’ అని ఉంటే, అదే మాట ఒరియాలో దండాలు పెట్టి మరీ రాసి ఉంది. ఎక్కడో పశువుల ఆసుపత్రి తలుపుకి ‘డాక్టరు గారు సెలవు, పశువులు రేపు రావలెను’ అని అట్టముక్క వేలాడుతోంది. శ్రీకూర్మం పోయే దారిలో ఒక గోడ మీద ‘ఈ గోడ కోర్టులో ఉన్నది’ అని రాసి ఉంటే, దాని మీద మేక నిలబడి ఉంది. ఆ మేక దిగిపోయేదాకా ఎండలో నిలబడి అప్పుడు ఫొటో తీశాడు.

అది అతని నియమం. ఫొటోలో బోర్డు తప్ప ప్రాణి ఉండకూడదు. ఎవరైనా అడ్డముంటే జరగమంటాడు, జరగకపోతే కాచుకుంటాడు. తిట్టినవాళ్లున్నారు, ఆడవాళ్లను తీస్తున్నాడని చెయ్యెత్తినవాళ్లూ ఉన్నారు. ఇంట్లో భార్య అనిత మాట వేరు. “లోకంలో అందరూ పెళ్లాం పిల్లల్ని ఫొటోలు తీసుకుంతారు, ఈయన గోడల్ని తీస్తాడు. రేపు మంచాన పడితే గోడలే వచ్చి గంజి పోస్తాయిలే” అని వచ్చినవాళ్ల ముందు దెప్పేది. అతను తీసినవన్నీ ‘బోర్డు కనబడింది’ అని పేరు పెట్టుకున్న ఫేస్‌బుక్ పేజీలో పెట్టేవాడు. కొద్దిమంది చూసేవారు. ఆ కొద్దిమందే అతనికి చాలు.

ఈ నెల ఇసకపాలెంలో ఇళ్లు ముగించి ఒడ్డు వైపు వెళితే, బోట్ల షెడ్డు ముందు మరిడమ్మ నెత్తళ్లు ఎండబెడుతోంది. చేపల సందుల్లోంచి ‘కన్నీటి’ అన్న అక్షరాలు, ఒక కన్ను, తలపాగా అంచు కనబడ్డాయి. కొంచెం పక్కకు జరగమన్నాడు. ఆమె గంప ఎత్తుకుని జరిగింది. ఫొటో బాగా వచ్చింది. కింద ‘సచ్చినా పని మానని తాత’ అని రాశాడు. మెచ్చుకోలనే అనుకున్నాడు. ఫ్లెక్సీ మీది ముఖం అతనికి మనిషి కాదు, అదీ బోర్డులో భాగమే. ఎవరో ఊరి పేరు చేర్చారు, మరెవరో నవ్వుబొమ్మలు చేర్చారు. పొద్దుగూకేసరికి ఫొటో ఇసకపాలెం ఫోన్లలోకి చేరింది.

గంగులుకి కావలసింది దొరికింది. షెడ్డు ముందున్న నేల గట్టిది, ఇసుక లేవదు. అక్కడ ఏ ఇంటి చోటు ఆ ఇంటిదని కాగితాల్లో లేదు, పెద్దల మాటలో ఉంది. ఎర్రయ్య చోటు ఆయన పోయాక మరిడమ్మకు వచ్చింది. అక్కడ ఐసు షెడ్డు వేసుకోవాలని గంగులు ఎన్నాళ్లుగానో చూస్తున్నాడు. తండ్రిని నలుగురిలో నవ్వులపాలు చేసినదానికి తండ్రి చోటు మీద హక్కేమిటని ఇప్పుడు పంచాయితీ పెట్టాడు. ఆ చోటు పోతే మరిడమ్మ వదులు ఇసుకలో ఎండేసుకోవాలి. ఇసుక పంటికింద పడే చేపను ఏ షావుకారూ ముట్టడు.

నిన్న గంగులు దేవేంద్రకు ఫోను చేశాడు. నన్ను పలచన చెయ్యడానికి మరిడమ్మే పిలిచి ఫొటో తీయించిందని చెప్పు, నీ జోలికెవరూ రారు అన్నాడు. చెప్పకపోతే ఈ ఊళ్లో మీటరు ముట్టుకోనివ్వనని, కాంట్రాక్టరుతో కూడా మాట్లాడతానని అన్నాడు.

కులపెద్ద ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు. “ఆవిడ పిలిత్తే వచ్చి తీసావా బాబూ?”

“కరెంటు బిల్లు సాలక మొకాలకి కూడా బిల్లు కొడతన్నాడు” అని వెనక నుంచి ఒక ఆడమనిషి అంది. కొందరు నవ్వారు.

ఎవరూ పిలవలేదని, తనే తీశానని దేవేంద్ర చెప్పాడు. జరగమంటే జరిగింది తప్ప ఎందుకో ఆమెకు తెలియదన్నాడు.

“జరిగిందా, లేదా?” అన్నాడు గంగులు. “ఒప్పుకునే జరిగింది.”

“సేపల్ని తీస్తన్నాడనుకున్నాను” అంది మరిడమ్మ. “సేపలకి నానెందుకు అడ్డమని జరిగాను.”

దేవేంద్ర ఫోను తీసి ఎల్లాజీ చేతికిచ్చాడు. నిన్న గంగులు మాట్లాడి పెట్టేశాక పాతవి వెతుకుతుంటే కనబడిన ఫొటో అది. హైవే మీంచి ఊళ్లోకి తిరిగే మలుపులో ఎవరో నాయకుడికి స్వాగతం చెబుతూ గంగులు కట్టించిన పెద్ద ఫ్లెక్సీ. దాని కోసమే తీశాడు. దాని కింద, తుమ్మకంపలో, సగానికి మడిచి పారేసిన మరో ఫ్లెక్సీ ఉంది. మడత మీద తలపాగా కనబడుతోంది. ఆ మడత మీద నిచ్చెన కాళ్లు మోపి ఉన్నాయి.

ఫోను చేతులు మారింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“గాలికి ఊడిపోనాది” అన్నాడు గంగులు.

“గాలి తాళ్లిప్పి, మడతపెట్టి, కంపలో పారేసిందేటి?” మరిడమ్మ గొంతు పెంచలేదు. “ముళ్లలోంచి నానే తెచ్చుకున్నాను. ఉన్నన్నాళ్లూ నా పక్కన కూకుని సేపలు తిరగేసిన మనిషి.”

ఎల్లాజీ ఫోను తిరిగి ఇచ్చాడు. ఆయన మొహం ఇందాకటి కంటే ముడుచుకుంది. “మా ఊరి గుట్టు నీ జేబులో ఎందుకుండాల? రెండూ తీసెయ్యి, మా కళ్ల ముందే తీసెయ్యి.” నలుగురు చుట్టూ మూగి తెరకేసి చూస్తుంటే దేవేంద్ర రెండు ఫొటోలూ చెరిపేశాడు. పేజీలోదీ తీసేశాడు. మిగతావి కూడా తీయించమని గంగులు గద్దించాడు గాని ఎల్లాజీ చెయ్యెత్తి ఆపాడు.

పెద్దలు కాసేపు తమలో తాము గొణుక్కున్నారు. ఎల్లాజీ తీర్పు చెప్పాడు. గంగులు తండ్రి పేరుతో మళ్లీ ఫ్లెక్సీ కట్టకూడదు. ఈ ఫ్లెక్సీ సముద్రంలో కలిపెయ్యాలి. మరిడమ్మ సంవత్సరీకం దాకా ఆ చోట ఎండెయ్యకూడదు, ఆ తరవాత సంగతి అప్పుడు చూద్దాం. అప్పటికి అక్కడ ఐసు షెడ్డు లేస్తుందని ఆ అరుగు మీద ఉన్న ప్రతివాడికీ తెలుసు. గంగులు పైపంచె దులుపుకుని లేచాడు. దేవేంద్ర పక్కనుంచి పోతూ, కాంట్రాక్టరు పేరు చెప్పి నవ్వాడు.

జనం కదులుతుంటే దేవేంద్ర మరిడమ్మ దగ్గరకు వెళ్లాడు. “నా వల్లే అమ్మా, ఇదంతా…”

“నీ వల్ల కాదని ఎవులన్నారు?” అంది ఆమె తలెత్తకుండానే. “అడ్డం లెగు.”

అతను పక్కకు జరిగాడు. ఆమె వంగి ఫ్లెక్సీ మూలలు పట్టి లేపింది, ఒక్కసారి విదిలించింది, ముఖం లోపలికి వచ్చేలా మడిచి చంకన పెట్టుకుంది. మెట్లు దిగి, వెనక్కి తిరిగింది.

“ఎల్లాజీ మావా, రేపు మళ్లా నెత్తళ్లు దిగుతాయి. నా సోటులోనే ఎండేత్తాను. ఈ గుడ్డ మీదే.”