గీత కొట్టని దరఖాస్తు

ఒక్క తెల్లకాగితం మిగల్చబోయి కాపురాన్ని రేపల్లె రైలెక్కించిన మహానుభావుణ్ణి నేను. నవ్వండి, నవ్వండి! నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది.

ఎనభైల చివరి మాట. తెనాలిలో ఒక విత్తనాల కంపెనీలో గుమాస్తాని. మా ఆవిడ కరుణ బాపట్లలో టీచరు. పెళ్లయి ఏడాదైనా మాది ఆదివారం కాపురమే. బాపట్ల బ్రాంచిలో ఒక ఖాళీ పడింది. అది నాకొస్తే చాలనుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా సిబ్బంది మేనేజరుగారు చెట్లను కాపాడే పథకం పెట్టారు. మనిషి లేని గదిలో ఫ్యాను ఆపితే మార్కు. వాడిన కాగితానికి రెండోవైపు కూడా రాస్తే మార్కు. మార్కులున్నవాడికే కోరిన చోటికి బదిలీ. ఇంకేముంది, పూనకం వచ్చేసింది. మనుషులుండగానే ఫ్యాన్లు ఆపేశాను.

"ఏమయ్యా, చెమటకి చస్తున్నామయ్యా!" అన్నారు పక్క సీటు వెంకట్రామయ్యగారు.

"చెట్లు బతకద్దాండీ?" అన్నాను. ఆ పొగరు తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది.

బదిలీ దరఖాస్తు కూడా పాత కాగితం వెనకే రాశాను. పెళ్లికి ముందు నేనే రాసి, ఇవ్వకుండా సొరుగులో పడేసిన కాగితం అది. వాడిన వైపు అడ్డంగా గీత కొట్టాలని సర్క్యులరులో ఉంది. సిరా దండగని కొట్టలేదు!

పదిరోజుల్లో ఆర్డరొచ్చింది. రేపల్లెకి! మేనేజరుగారి గదిలోకి పరుగెత్తాను.

"సార్, నేనడిగింది బాపట్లండి!"

"మరి ఇదేంటయ్యా? 'సొంత ఊరు భట్టిప్రోలు దగ్గర కనుక రేపల్లె ఇప్పించ ప్రార్థన.' సంతకం నీదే కదా?"

"అది పాత వైపండి! తిప్పండి!"

తిప్పారు, చదివారు. "గీత ఏదీ?"

"సిరా ఆదా చేశానండి. అయినా తేదీ చూడద్దాండీ?"

"కట్టలు కట్టలుగా వస్తుంటే ప్రతిదీ తిప్పి చూస్తూ కూర్చుంటామా?"

విన్నారా? రెండువైపులా రాయమన్న మనిషి రెండువైపులా చదవడట! ఇదెక్కడి న్యాయమండీ?

"పోనీ, ఇప్పుడు మార్చండి సార్."

"బాపట్ల నిన్ననే వెంకట్రామయ్యకిచ్చేశాం."

"ఆయనకి ఒక్క మార్కూ లేదు కదండీ!"

"లేదు. ఆ ఫ్యాన్ల బాధ పడలేను, ఎక్కడికైనా పంపమని కాళ్లావేళ్లా పడ్డాడు."

కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు ఉన్న ఆదివారం ఊడింది. రేపల్లె బ్రాంచికి సెలవు మంగళవారం మరి!

బాపట్ల వెళ్లి, ఇదంతా చెట్ల కోసమేనని కరుణకి నచ్చజెప్పబోయాను. ఆవిడ చివరిదాకా విని, "అయితే ఇక ఆ చెట్లతోనే కాపురం చెయ్యండి" అని తలుపేసేసింది.

ఆ తలుపు బయటే నిలబడి ప్రమాణం చేశాను. మొక్కకి నీళ్లు పోస్తాను. అడిగి మరీ ఫ్యాను ఆపుతాను. కానీ ప్రాణం పోయినా సరే, దరఖాస్తు కొత్త కాగితం మీదే రాస్తాను. వెనకవైపు తెల్లగా ఖాళీగా ఉన్నా సరే, ఈ మూల నుంచి ఆ మూలకి పెద్ద గీత కొట్టి మరీ ఇస్తాను.