ఇరుసు మీది పసుపు

నా చిన్నప్పుడు, మా ఊరు పరగోడులో సెల్‌ఫోన్ ఇంకా ఒకరిద్దరి చేతుల్లోనే కనిపించే రోజుల్లో, మా ఇంటి ముందు మా నాయన కంటే వయసులో పెద్దదైన లారీ ఒకటి ఉండేది. మా తాత కొన్నది, నాయన నడిపేవాడు. ఆయుధపూజకు అందరూ అద్దానికీ స్టీరింగుకూ బొట్టు పెడితే, మా అమ్మ చక్రాలకు కూడా పెట్టి, కుచ్చెళ్లు దోపుకొని లారీ కిందికి దూరేది. బరువు మోసేది వెనక ఇరుసు గదా, దానికి బొట్టు లేకపోతే ఎట్లా అనేది. నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన ఆ చేతులే ఇరుసు నిండా పసుపు మెత్తేవి.

ఒక ఏడు ఆ పండగ తర్వాత నెల తిరగకుండానే అమ్మ జ్వరంతో పోయింది. ఆ చలికాలమే వెనక చక్రం దగ్గర నూనె కారడం మొదలైంది. అది బ్రేకుల్లోకి దిగితే బండి ఆగదు. నాయన నూనెను ఆపే ఆయిల్ సీలు మార్చాడు. మళ్లీ కారింది. ఇంకోటి వేశాడు, అదీ కారింది.

"నీ లారీ మనకంటే ఎక్కువ నూనె తాగుతాండాది నాయనా. చింతామణి గుజిరీకి తోలి తుక్కు కింద అమ్మేస్తా," అన్నాడు మా నాయన, తాతతో.

"చిన్నప్పుడు నీ ముక్కు కారిందని నిన్ను గుజిరీకి ఏసినానా? ఒక పూట ఆగప్పా," అన్నాడు తాత.

నాకు నవ్వు రాలేదు. చక్రాల మీద అమ్మ పెట్టిన బొట్లు ఇంకా చెరగలేదు. లారీతో అవీ పోతాయి.

తాత చక్రం విప్పి, కొత్త సీలుకు గ్రీసు రాసి, ఒరగకుండా తట్టి కూర్చోబెట్టాడు. తర్వాత లారీ కిందికి దూరి ఎంతకీ రాలేదు. వంగి చూశాను. ఇరుసు పైన, లోపలి వేడిగాలి బయటికి పోయేందుకు సన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అది పూడిపోతే గాలి ఉబ్బి నూనెను సీలులోంచి తోసేస్తుంది. ఆ రంధ్రంలోంచి తాత దబ్బనంతో ఎండిన పసుపు తీస్తున్నాడు. నన్ను చూశాడు. అది ఎవరి చేతి పసుపో ఇద్దరికీ తెలుసు. ఆ పసుపు ఒక్క పలుకైనా నేల పడనీకుండా తువ్వాలు అంచున ముడివేసుకున్నాడు.

"ఏముండాది నాయనా ఆడ?" నాయన బయటినుంచి అడిగాడు.

"మట్టప్పా. మట్టి పట్టుకోనుండాది."

తాత గొంతు మామూలుగానే ఉంది. వెల్లకిలా పడుకున్న ఆయన కన్నీళ్లు మాత్రం చెవుల మీదికి జారుతున్నాయి.

నూనె మళ్లీ కారలేదు. లారీ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తువ్వాలు ముడి మా దేవుడి గూట్లో చేరింది. అందులో ఏముందో నాయన పోయేదాకా ఆయనకు తెలియనేలేదు.

అలాంటి తాతనిచ్చినందుకు ఆ గూట్లోని స్వామికి ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను. ఆయుధపూజకు ఇప్పుడున్న మా ట్రాక్టరు ఇరుసుకు నేనే పసుపు పూస్తాను, ఆ రంధ్రం ఒక్కటి వదిలి. ఆడ ఎందుకు పూయవమ్మా అని పిల్లలు అడుగుతారు.

"మట్టి పట్టుకుంటాదిరా," అంటాను.