తేజాబు సారు మీద దరఖాస్తు

మా కెమిస్ట్రీ సారు మీద బడుల ఇన్‌స్పెక్టరుకు పోయిన దరఖాస్తు నేనే రాశాను. ఈ సంగతి ఇన్నేళ్లలో ఇద్దరికే చెప్పాను. ఒకరు మా నాయిన. రెండోవారు ఆ సారే.

అరవయ్యో దశకం మొదట్లో తాండూరులో మా బడికి పన్నెండో తరగతి దాకా సైన్సు వచ్చింది. కెమిస్ట్రీ చెప్పే సారు హైదరాబాదులో సైన్సంతా ఉర్దూలోనే చెప్పిన కాలంలో చదువుకున్నాయన. ఆయన నోట హైడ్రోక్లోరిక్ ఆసిడ్ నమక్ కా తేజాబ్, సల్ఫ్యూరిక్ ఆసిడ్ గంధక్ కా తేజాబ్. అందుకని పిల్లలం చాటుగా తేజాబు సారు అనేవాళ్లం. మా పుస్తకాలేమో ఇంగ్లీషువి. ఆయన ఒక నోటుపుస్తకంలో ఉర్దూ మాటల పక్కన ఇంగ్లీషు మాటలు రాసుకుని, అది ఒళ్లో పెట్టుకుని, మా కోసం తెలుగులో చెప్పేవారు. ఇంగ్లీషు మాట పలికేటప్పుడు తడబడితే వెనక బెంచీల్లో నవ్వులు వినబడేవి.

నేను సైన్సులో చేరడానికి ఆయనే కారణం. మా నాయిన రైల్వే స్టేషన్లో పార్సిల్ గుమాస్తా. బడికి గాజుసామాను రైల్లో వస్తే సారు స్వయంగా వచ్చి విడిపించుకునేవారు. ఒకసారి అలా వచ్చినప్పుడే నాయినతో మాట్లాడారు.

"మీ బిడ్డకు దిమాగున్నది. సైన్సుల చేర్పియ్యుండ్రి."

"మొగపిల్లల నడుమ ఒక్కతి ఎట్ల కూసుంటది సార్?"

"నేనున్న కద. ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ మాట మీద నాయిన ఒప్పుకున్నాడు. ముప్పైమంది మగపిల్లల తరగతిలో ముందు బెంచీ మీద నేనొక్కదాన్నే. పదకొండో తరగతి ఏడాదంతా వాళ్లు నన్ను పలకరించలేదు, నేనూ పలకరించలేదు.

సారు పాఠం నాకు బాగా అర్థమయ్యేది. ఒకరోజు ఆయన రోడ్డు పక్క నుంచి తాండూరు బండ ముక్క తెచ్చి బల్ల మీద పెట్టారు. "దీని మీద రోజు నడుస్తరు. లోపల ఏమున్నదని ఎవరన్న అడిగిన్రా?" అంటూ ఆ ముక్కను సీసాలో వేసి తేజాబు పోశారు. బుస్సుమని నురగ లేచింది. వచ్చిన గాలిని గొట్టం గుండా సున్నపు తేటలోకి పంపితే తేట పాలలా తెల్లబడింది. "గీ గాలి ఎన్నేండ్ల సంది బండల్నే ఉండె. తేజాబు ఎల్లగొట్టింది," అన్నారు. సమీకరణం నేను బోర్డు దగ్గరకు పోయి తప్పు లేకుండా రాశాను.

పన్నెండులో మొదటి పరీక్షకు చాలామందికి మార్కులు రాలేదు. ఆ వారమే నలుగురు మగపిల్లలు వరండాలో నన్ను ఆపారు.

"సారు మీద ఇన్‌స్పెక్టరుకు రాద్దామనుకుంటున్నం," అన్నాడు వాళ్లలో పొడుగువాడు. "నీ రాత మంచిగుంటది. ఇంగ్లీషు గూడ నీకే వస్తది."

"సారు మంచిగనే చెప్తడు కద?"

"నీకు అర్థమైతుండొచ్చు. పరీక్ష ఇంగ్లీషుల రాయాలె. మేం ఫెయిలయితె ఎవరు జిమ్మేదారు?"

వాళ్ల భయం అబద్ధం కాదు. కాని నేను ఒప్పుకున్నది అందుకు కాదు. వాళ్లు నాతో మాట్లాడారు, నన్ను తమలో కలుపుకున్నారు, అదీ కారణం. పేర్లు పెట్టకుండా 'పన్నెండో తరగతి విద్యార్థులు' అని రాస్తే చాలన్నారు. ఖాళీ గదిలో కూర్చుని రాశాను. సారు చెప్పేది మాలో ఒక్కరికి కూడా అర్థం కావడం లేదని, 'ఇంటెలిజిబుల్' అనే పెద్ద మాట వాడి, ఇంగ్లీషులో పెట్టాను. 'ఒక్కరికి కూడా' అని వాళ్లు చెప్పలేదు. వాక్యం బలంగా ఉంటుందని నేనే చేర్చాను.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. హెడ్‌మాస్టరు గదిలోకి సారును పిలిచి కాగితం చూపించారని సాయంత్రానికి బడంతా తెలిసింది. మర్నాడు ప్రాక్టికల్స్‌లో రికార్డు పుస్తకం మీద సంతకం చేయించుకోవడానికి నా వంతు వచ్చింది. ఆయన నా పేజీలు ఒక్కొక్కటి నిదానంగా తిప్పారు. సంతకం చేసి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నారు.

"బిడ్డా, ఇంటెలిజిబుల్‌ల నడుమ రెండు ఎల్‌లు ఉంటయి. నువ్వు ఒక్కటే రాసినవ్. పరీక్షల జర చూసుకో."

పుస్తకం తీసుకుని నా చోటుకు వచ్చేశాను. ఆ రోజు నా చేతిలో రెండు పరీక్షనాళికలు పగిలాయి.

నెల తిరక్కుండా ఆయనను కొడంగల్‌కు, చిన్న తరగతులకు లెక్కలు చెప్పమని బదిలీ చేశారు. వెళ్లేరోజు ఆయన లాబ్ తాళంచెవులు అప్పజెబుతుంటే నేను పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నట్టు నిలబడ్డాను. కొత్త సారు ఇంగ్లీషులో గడగడా నోట్సు చెప్పేవాడు. ప్రయోగాలు చేసి చూపింది తక్కువ. అయినా నిజం చెప్పాలి, ఆ నోట్సుతోనే నన్ను అడిగిన నలుగురూ గట్టెక్కారు. నాకు ఫస్టు క్లాసు వచ్చింది.

నాయిన పేడాలు తెచ్చి, "ముందుగాల సారుకు ఇచ్చి రా. ఆయన ఇల్లు ఇంక ఈడ్నే ఉన్నది, ఐతారం ఇంటికొస్తడు," అన్నాడు. నేను పొట్లం తీసుకుపోయి దోస్తుల ఇళ్లలో పంచి వచ్చి, ఇచ్చిన అని చెప్పాను.

కొద్దిరోజులకు స్టేషన్లో సారే నాయినకు ఎదురై, నేను పాసయ్యానా అని అడిగారట. నాయిన ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా నా ముందు నిలబడ్డాడు.

"ఇచ్చిన అన్నవ్ గదనే?"

అప్పుడు మొత్తం చెప్పాను. నాయిన తిట్టలేదు. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. చెప్పులు విడుస్తూ, "నాకు చెప్తె ఏమొస్తది? ఆయనకు చెప్పు," అన్నాడు.

సోమవారం ఇద్దరం కొడంగల్ బస్సెక్కాం. నాయిన బడి బయటే ఆగిపోయాడు. సారు మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నారు. నన్ను చూసి వరండాలోకి వచ్చారు. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి.

"సార్, ఆ దరఖాస్తు నేనే రాసిన."

"తెలుసు." లోపలి పిల్లలను రాసుకొమ్మని సైగ చేశారు. "ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. నేను చెప్పింది నీకు గూడ సమఝ్ కాలేదా?"

"అయింది సార్. అంత అయింది."

ఆయన గోడకు ఆనుకున్నారు. "గదే ఫికరుండె నాకు. నీకు గూడ కాలేదంటె ఇన్నేండ్లు నేనేం చెప్పినట్టు అని," అన్నారు. తప్పయిందని నేను అన్నాను. ఆయన దానికి అవునని గాని, పోనీలే అని గాని అనలేదు. ఏ కాలేజీలో చేరుతున్నావని అడిగి, పిల్లలు గోల చేస్తున్నారని లోపలికి వెళ్లిపోయారు.

తిరుగు బస్సులో నాయిన, "ఇంకో కాగితం రాయరాదు? అది అబద్ధమని," అన్నాడు. రాస్తానన్నాను. కాలేజీలో సీటు ఖాయం కానీ అనుకున్నాను. సీటు వచ్చాక, ఇప్పుడు నా పేరు బయటపడితే ఎట్లా అనుకున్నాను. చదువు అయింది, వికారాబాదులో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం కూడా వచ్చింది. సారు కొడంగల్‌లో లెక్కలు చెబుతూనే పింఛను తీసుకున్నారని ఒక దోస్తు చెప్పింది. ఆ కాగితం నేను రాయలేదు.