రొయ్యల చెరువు మట్టి

మా మేనత్త నాటితే రోకలి కూడా చిగురిస్తుందని మా వీధిలో ప్రచారం చేసింది నేనే. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను. ఓ ఏడు ఆవిడ పొట్లకాయ వంకర తిరక్కుండా చివర రాయి కడితే, అది రాయితో సహా సాగి సాగి నూతిలోకి దిగి నీళ్లు తాగిందని పెనుగొండ బస్సులో ఒకాయనకు చెప్పాను. ఆయన నమ్మి మా పెరడు చూడటానికి వచ్చాడు. అత్తయ్య ఆయనకు మజ్జిగ ఇచ్చి, "ఈ ఏడు నూతిలో నీళ్లు తక్కువండి, కాయ దిగనంది" అని చెప్పి పంపించింది. నాకు ఆ విద్య ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

నరసాపురం వైపు ఒక పల్లె మాది. ఇది తొంభైల నాటి సంగతి. మామయ్య పోయాక అత్తయ్య తమ్ముడింటికి, అంటే మా ఇంటికి వచ్చేసింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. పెరడు మాత్రం ఆవిడదైపోయింది. మఖ కార్తెలో పాదులు తవ్వించేది. పుబ్బలో చిక్కుడు, బీర, పొట్ల గింజలు పెట్టేది, వంగనారు నాటేది. కార్తీకం వచ్చేసరికి పందిరి బరువుకు వంగిపోయేది. కార్తీకమాసం నెల్లాళ్లూ నీచు ముట్టని ఇల్లు మాది. ఆ నెలలో మా కంచాల్లో పడే కూరంతా ఆ పెరట్లోదే. తమ్ముడింట్లో ఊరికే కూర్చుని తినడం లేదని అత్తయ్య తలెత్తుకు తిరిగింది ఆ పందిరిని చూసుకునే.

పైగా ఆవిడ చెయ్యి మంచిదని పేరు. పుబ్బ రాగానే వీధిలో ఆడవాళ్లంతా వరసగా వచ్చేవాళ్లు. "వదినగారూ, మా పాదులో మొదటి గింజ మీరే వెయ్యాలండి." పేరంటానికి ఆవిడను పిలవని ఇళ్లు కూడా గింజ వెయ్యడానికి పిలిచేవి. ఆ నాలుగు రోజులూ అత్తయ్య ఉతికిన చీర కట్టుకుని, పెళ్లిపెద్దలా వీధంతా తిరిగేది.

అప్పటికి మా చుట్టుపక్కల వరిచేలు ఒక్కొక్కటీ రొయ్యల చెరువులవుతున్నాయి. మా వీధిలో మగవాళ్లు కొందరు కలిసి ఊరి చివర ఒకటి తవ్వించారు. మా నాన్నకూ అందులో వాటా ఉంది. సముద్రం పోటు మీదున్నప్పుడు మురుగుకాలవలోకి ఎగదన్నే ఉప్పునీళ్లను ఇంజను పెట్టి అందులోకి తోడేవాళ్లు. ఒక శ్రావణంలో రొయ్యలు పట్టేశాక, చెరువు ఎండగట్టి అడుగు మట్టి గీకించారు.

చెరువు మట్టి అంటే మా వైపు రైతుకు బంగారం. తాతల నాటి నుంచీ మంచినీళ్ల చెరువు పూడిక తీస్తే చాలు, ఆ మట్టి కోసం బళ్లు వరస కట్టేవి. ఆ అలవాటుకొద్దీ మా నాన్న ట్రాక్టరు నిండా మట్టి తోలించి పెరట్లో పోయించాడు.

అత్తయ్య పిడికెడు తీసి వాసన చూసింది. "నీచు కొడుతోందేంట్రా తమ్ముడూ."

"రొయ్యల మేతా, పెంటా కలిసిన మట్టక్కా. దీని ముందు నీ పేడ ఎందుకూ పనికిరాదు. ఈసారి కాయలు కొయ్యలేక నువ్వే ఏడుస్తావు."

"ఏడిపించేదేదో కార్తీకం వెళ్లాక ఏడిపించరా. ముందు కూర తినాలి కదా" అని నవ్వి, ఆ మట్టి పాదులన్నిటికీ సర్దించింది.

గింజలు మొలిచాయి. రెండేసి ఆకులు విప్పాయి. అంచులు మాడి, మెడలు వాల్చేశాయి. మళ్లీ పెట్టింది, మళ్లీ అంతే. వంగనారు నిలువునా ఎండిపోయింది. వానలు కూడా ఆ ఏడు మొహమాటానికి కురిసి వెళ్లిపోయాయి. అత్తయ్య బూడిద చల్లింది, వేపపిండి వేసింది, దిష్టి తగిలిందేమోనని పందిరి గుంజకు పాత చెప్పు కట్టింది.

ఒకరోజు పొద్దున్నే నేను నూతి దగ్గర మొహం కడుక్కుంటున్నాను. పాదుల మీద ముగ్గు చల్లినట్టు తెల్లగా ఏదో తేలి ఉంది. మా నాన్న వచ్చి, వంగి, దాన్ని వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉమ్మేశాడు. నా చేతిలో చేద లాక్కుని నోరు పుక్కిలించి, నన్ను చూడనట్టే లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేనూ నాకి చూశాను. ఆ మట్టితో ఆవకాయ పెట్టుకోవచ్చు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నవాళ్లలో ఎవరో అడిగారు. "ఏంటండీ, మీ పెరడు బోసిపోయింది?"

"మా అక్కకి వయసైపోతోంది కదండీ" అన్నాడు మా నాన్న. "చేతిలో చలవ తగ్గింది."

ఆయన బాధ ఆయనది. చెరువు పక్క చేలవాళ్లు తమ వరిలోకి ఉప్పు ఊరుతోందని అప్పటికే గొడవకు దిగారు. మా ఇంటి పాదులే ఉప్పుకు చచ్చాయని ఒప్పుకుంటే చెరువు మూసుకోవలసిందే. చెరువు మూయడం కంటే అక్క చేతి మీదికి నెట్టేయడం తేలిక. కిటికీ అవతల అత్తయ్య దీపం బుడ్డి తుడుస్తోంది. తుడవడం ఆపలేదు.

నేను ఊరుకోలేదు. ఇంటింటికీ వెళ్లి, అది చెరువు ఉప్పండీ, కావాలంటే వచ్చి నాకి చూడండి, అని చెప్పాను. పక్కింటి పిన్నిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మొన్న పొట్లకాయ నీళ్లు తాగిందన్నావు. ఇవాళ మట్టి ఉప్పు తిందంటున్నావు. నీ నోటికి దణ్ణం పెట్టాలి నాయనా." వాళ్లాయనకూ చెరువులో వాటా ఉంది. నీళ్లు తాగే పొట్లకాయను నమ్మిన ఊరు ఉప్పును నమ్మలేదు. పొట్లకాయ వల్ల ఎవరి వాటాకూ నష్టం లేదు మరి.

ఆ కార్తీకంలో అమ్మ గంపలవాళ్ల దగ్గర కూరలు కొంది. అందరితో పాటే అత్తయ్యకూ కంచం పెట్టింది. అత్తయ్యే కూర వడ్డించుకోవడం మానేసింది. "మజ్జిగ చాల్లే అమ్మాయ్" అనేది.

మరుసటి ఏడు వానలు ఊరిని ముంచెత్తాయి. పెరట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచి, ఉప్పునంతా కడిగి పట్టుకుపోయాయి. పుబ్బ వచ్చింది. వీధిలో ఒక్కరూ అత్తయ్యను పిలవలేదు. ఉతికిన చీర దండెం మీదే ఉంది. అమ్మ నసుగుతూ అంది. "వదినగారూ, ఈసారికి గింజలు పనిమనిషి చేత వేయిద్దామండి. ఏమీ అనుకోకండి." అత్తయ్య లోపలికి వెళ్లి, బూడిదలో దాచిన గింజల డబ్బా తెచ్చి పనిమనిషి చేతిలో పెట్టింది.

ఇక చూడాలి ఆ కాపు. నేను కోతలు కొయ్యవలసిన అవసరమే లేకపోయింది. పందిరి ఒకవైపు విరిగితే కొత్త గుంజ వేయించారు. చూసినవాళ్లంతా చెయ్యి మార్చడం మంచిదైందన్నారు. మా నాన్న అవునండీ అన్నాడు.

కార్తీక సోమవారం. అమ్మ రెండు బీరకాయలు కోసుకురమ్మంటే అత్తయ్య పెరట్లోకి వెళ్లింది. చాలాసేపు రాలేదు. చూద్దామని నేను వెళితే, పందిరి కింద నిలబడి ఉంది. కాయలు ఆవిడ మొహానికి తగిలేంత కిందికి వేలాడుతున్నాయి.

"ఒరేయ్, నువ్వు కొయ్యరా."

"చేతికందుతున్నాయిగా అత్తయ్యా."

"పచ్చటి పాదు. నేను ముట్టుకోవడం ఎందుకులే."

"అది ఉప్పు అత్తయ్యా. నాన్నకీ తెలుసు. ఆయన నాకి చూడటం నా కళ్లతో చూశాను."

అత్తయ్య నా వంక చూసి, పొట్లకాయ చూడటానికి వచ్చినాయన వంక చూసినట్టే నవ్వింది. "బాగా చెబుతావురా. కోసియ్యి, మీ అమ్మ చూస్తూ ఉంటుంది" అని, తీగకు తగలకుండా ఓ అడుగు వెనక్కి వేసి, కొంగు పట్టింది.